విలిబాల్డ్ బ్రోదా పడిన చోట్లు

ముందు కుడి మోకాలు వంగుతుంది. ఎడమ చెయ్యి గాలిలోకి లేస్తుంది. తర్వాత మనిషి నేలకు వస్తాడు. మూడు దొర్లింతలు. మూడోది అయ్యేసరికి రెండు చేతులూ మోకాలి మీద ఉంటాయి, ఒక కన్ను మూసుకుని ఉంటుంది. రెండో కన్ను తెరిచే ఉంటుంది. ఎవరు చూస్తున్నారో దానికి తెలియాలి.

విలిబాల్డ్ బ్రోదా పడతాడు. అతని గురించి చెప్పవలసింది ఇంతే. మిగిలినవన్నీ ఎక్కడ పడ్డాడు, ఎప్పుడు పడ్డాడు అన్న వివరాలు.

నలభై అయిదేళ్ళుగా చూస్తున్నాను. బస్టాపులో పడ్డాడు. రొట్టెల దుకాణంలో పడ్డాడు. సొంత పదవీ విరమణ సన్మానంలో, పూలగుత్తి చేతికి అందేలోపు పడ్డాడు. గుత్తి ఇస్తున్న గని డైరెక్టరుకు ఏం చేయాలో తోచక దాన్ని అతని గుండెల మీద పెట్టాడు. ఆ ఫోటో అతని భార్య ఆడెలా గోడకు తగిలించనివ్వలేదు.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. గని కట్టించిన ఎర్ర ఇటుకల ఇల్లు, కిటికీ చట్రాలకు కూడా ఎర్ర రంగే. వాళ్ళు కింద, నేను పైన. నా పేరు పావ్లెక్. గని బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. గని మూతపడి చాలా ఏళ్ళయింది. బ్యాండు మాత్రం మూతపడలేదు. దాన్ని మూయమని ఎవరూ కాగితం పంపలేదు, మేమూ గుర్తు చేయలేదు.

బ్రోదా ఒకప్పుడు మా గని జట్టు స్ట్రైకర్. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఎవరూ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు కారు. కాగితం మీద అందరూ గని కార్మికులే. మా గోల్‌కీపర్ మందు పెట్టి బొగ్గు పేల్చే మనిషి. సొంత అగ్గిపెట్టెకు కూడా భయపడేవాడు. బ్రోదా గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో ఉద్యోగి. తొమ్మిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాడు. దీపాల గది ఎక్కడుందో ఎనిమిదో ఏట ఎవరో చూపించారు.

ఆరడుగుల రెండంగుళాల మనిషి. తొంభై కిలోలు. అతను పడితే స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్ళకు కూడా పాదాల కింద తెలిసేది. ఒకసారి అయిదడుగుల డిఫెండర్ ఒకడు పక్కన నిలబడి తుమ్మాడు. బ్రోదా పడ్డాడు. పెనాల్టీ ఇచ్చారు. మ్యాచ్ అయ్యాక ఆ డిఫెండర్ ఏడుస్తూ వచ్చాడు.

"నేను మిమ్మల్ని తాకలేదు సార్! తుమ్మానంతే!"

"అదే బాబూ తగిలింది" అన్నాడు బ్రోదా. "నీకు జలుబు. ఇంటికెళ్ళి పడుకో."

తొమ్మిది సీజన్లలో డెబ్భై ఒక్క గోల్స్ కొట్టాడు. పడి సంపాదించిన పెనాల్టీలు యాభై ఎనిమిది. వాటిలో ఒక్కటీ తాను కొట్టలేదు. బంతి ఎవరో ఒకరి చేతిలో పెట్టి, కుంటుకుంటూ పక్కకు పోయేవాడు. గోల్ పడగానే కుంటు మరిచిపోయి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి, కొట్టినవాడి వీపు ఎక్కేవాడు. స్టాండ్స్‌లో మా బ్యాండు వాయించేది. ఆ తొంభై కిలోల కింద నలిగినవాడికి ఆ పాట వినిపించేది కాదు.

జిల్లాలో అతన్ని నమ్మని రిఫరీ ఒక్కడే. ఎంగెల్బెర్ట్ కుచెరా. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన గీతలా ఉండేవాడు.

"లేవండి బ్రోదా."

"కాలు పోయింది సార్."

"ఏ కాలు?"

బ్రోదా కాస్త ఆలోచించేవాడు. "మీరే చెప్పాలి. మీరు దగ్గర్నుంచి చూశారు."

పసుపు కార్డు. అలాంటివి మొత్తం పదకొండు. తర్వాత కుచెరా మా వీధి అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడే స్థిరపడ్డాడు. ఇప్పుడు మా బ్యాండులో పెద్ద డోలు వాయిస్తాడు. పసుపు కార్డు మాత్రం ఇంకా చొక్కా జేబులోనే ఉంటుంది. బ్రోదా వీధిలో పడితే కుచెరా రోడ్డు దాటి వచ్చి కార్డు చూపించి వెళతాడు. మైదానంలో చూపించిన వాటికంటే కూరగాయల దుకాణం ముందు చూపించినవే ఎక్కువ.

బ్రోదా గనిలోకి ఒకే ఒక్కసారి దిగాడు. "మన స్ట్రైకర్ తన పనిచోట" అని పత్రికవాళ్ళకు ఫోటో కావలసి వచ్చింది. డైరెక్టరు, ఫోటోగ్రాఫరు, బ్రోదా, అందరూ ఆరు వందల మీటర్లు కిందికి దిగారు. సొరంగం మలుపు తిరగబోతుండగా బ్రోదా పడ్డాడు. గని సహాయక దళం వచ్చింది. పదకొండు నిమిషాలు ఉత్పత్తి ఆగిపోయింది.

"బ్రోదా!" అని అరిచాడట డైరెక్టరు. "ఇక్కడ రిఫరీ లేడయ్యా!"

"అదే నా బాధ సార్. న్యాయం ఎవరు చేస్తారు?"

పత్రికలో ఫోటో వచ్చింది. రెండు బూట్లు, స్ట్రెచర్ చివర.

ముప్ఫై ఏళ్ళు దాటాక ప్రభుత్వం అతన్ని విదేశాలకు వెళ్ళనిచ్చింది. ఉత్తర ఫ్రాన్సులో, మళ్ళీ ఒక బొగ్గు ఊళ్ళోనే, రెండో శ్రేణి జట్టు. రెండేళ్ళలో నూట నాలుగుసార్లు పడ్డాడు. ఒక్క పెనాల్టీ వచ్చింది. "వాళ్ళకు కళ అంటే ఏమిటో తెలియదు పావ్లెక్" అన్నాడు తిరిగొచ్చాక. ఒక నారింజరంగు కారు, ఒక ఫ్రెంచి మాట తెచ్చుకున్నాడు. కారు తుప్పు పట్టింది. ఆ మాటను ఆడెలా ఇంట్లో వాడనివ్వదు.

ఆట మానేశాక జట్టు సామాన్ల గదిలో ఉద్యోగం ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ళు బూట్లు లెక్కచూశాడు. పడటానికి సామాన్ల గది ఇరుకు. అందుకని బయట పడేవాడు.

ఒక పెళ్ళిలో జరిగింది చెబుతాను. మాంసం చుట్టలు, ఎర్ర క్యాబేజీ, బంగాళదుంప ఉండలు వడ్డించారు. పెళ్ళికొడుకు తండ్రి గ్లాసు పట్టుకుని లేచాడు. కొత్త కోడలికి కుటుంబం తరఫున స్వాగతం చెప్పాలి. "ఈ రోజు మా ఇంట అడుగుపెడుతున్న మా బంగారు తల్లి..." అని ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరి కళ్ళూ చెమర్చాయి. సరిగ్గా అప్పుడే బ్రోదా కుర్చీతో సహా వెనక్కి వెళ్ళాడు. నలభై బంగాళదుంప ఉండలు హాలంతా దొర్లాయి. వాటి కోసం పిల్లలు బల్లల కింద దూరారు. పెళ్ళికూతురు నవ్వి నవ్వి ముసుగు పట్టుకుని కూర్చుండిపోయింది. ఉపన్యాసం అంతటితో సరి. కుచెరా పక్క బల్ల నుంచి లేచి వచ్చి, మూతి తుడుచుకుని, కార్డు చూపించాడు.

ఇంకోసారి చర్చి ఊరేగింపులో. ముందు ఫాదరు, వెనక జెండా పట్టుకుని గాయకబృందం నుంచి మటిల్డా, ఆ వెనక మేము. మటిల్డా లావుపాటి జెండా కర్రను ఎత్తి లిండెన్ చెట్టు కొమ్మల కిందుగా దాటిస్తోంది. బ్రోదా రోడ్డు మధ్యలో పడ్డాడు. ఊరేగింపు మొత్తం ఆగి అతని చుట్టూ మూగింది. ఫాదరు వంగి చెవిలో అన్నారు.

"విలీ, పరిశుద్ధమైన రోజు ఇది. లే."

"మోకాలు ఫాదర్."

"పోయినసారి చీలమండ అన్నావు."

"అది పోయిన ఏడాది ఫాదర్. నయమైంది. మీ ప్రార్థనే."

ఇలా ఉండేది మా జీవితం. దీనికి నేను అలవాటుపడ్డాను. నా బాధ వేరే.

డిసెంబరు నాలుగు గని కార్మికులను కాపాడే పునీత బార్బరా పండుగ. ఆ రోజు ఉదయం ఆరు గంటలకు బ్యాండు బయలుదేరి వీధి వీధీ తిరిగి కాలనీని నిద్ర లేపుతుంది. నల్ల దుస్తులు, ఎర్ర ఈకల టోపీలు. చివరికి చర్చి ముందు కూడలిలో ఆగుతాం. అందరూ వాయించడం ఆపేస్తారు. డోలు ఒక్కటే మెల్లగా లెక్క పెడుతుంటే, ట్రంపెట్ ఒంటరిగా మేలుకొలుపు వాయిస్తుంది. కిటికీలు తెరుచుకుంటాయి. ముప్ఫై నాలుగేళ్ళుగా అది నా పని. అంతకుముందు మా నాన్న పని. ఆ పాట చివర్లో ఒక పై స్వరం ఉంది. కాలనీలో పుట్టిన ప్రతివాడికీ ఆ స్వరం తెలుసు. దాని కోసమే చలిలో కిటికీ తెరుస్తారు.

అక్టోబరులో నాకు పైవరుస మొత్తం కట్టుడు పళ్ళు పెట్టారు. చాలా అందంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ట్రంపెట్‌కు అందంతో పనిలేదు. కింద స్వరాలు వచ్చేవి. పైకి వెళ్ళగానే పళ్ళు నాకంటే ముందు బయలుదేరేవి. ఎవరికీ చెప్పలేదు.

మా బ్యాండు నడిపేది వెరోనికా లూబోస్. ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి. ఆమెకు సంగీతమంతా చెవుల్లోనే ఉంటుంది, మొహంలో ఏమీ కనపడదు. సాధనలో నేను ఆ స్వరం దగ్గరికి రాగానే ట్రంపెట్ దించేవాణ్ణి.

"ఏమైంది పావ్లెక్ గారూ?"

"పండుగకు దాచుకుంటున్నాను మేడమ్."

మూడోసారి కూడా దాచుకున్నాక ఆమె కాగితాలు సర్దుకుంటూ అంది. "పండుగ రోజు బయటికి తీయండి. రాకపోతే చెప్పండి, వచ్చే ఏడాదికి సంగీత కళాశాల నుంచి ఒకాయన్ని అడుగుతాను. తప్పేం లేదు."

తప్పేం లేదు అన్న మాట నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు.

ఇంట్లో రోజూ సాయంత్రం అయిదింటికి సాధన చేసేవాణ్ణి. పాట కాగితం మీద ఇరవై గడుల దాకా వాయించి, ఆ స్వరం ముందు ఆగిపోయేవాణ్ణి. కింద నుంచి బ్రోదా చీపురుకట్టతో కప్పు మీద పొడిచేవాడు.

"పావ్లెక్! మిగతాది ఎక్కడ్రా?"

"రేపు!"

"నిన్న కూడా రేపే అన్నావు! ఆడెలా సూప్ వడ్డించకుండా నీ కోసం గరిటె పట్టుకుని నిలబడిందిరా!"

పండుగ ఉదయం నేల మంచుతో అద్దంలా ఉంది. కూడలికి చేరాం. కాలిబాట మీద జనం, ముందు వరుసలో బ్రోదా. పైజామా మీద కోటు, కాళ్ళకు ఇంటి చెప్పులు, చేతిలో కాఫీ కప్పు. వెరోనికా చెయ్యి ఎత్తింది. కుచెరా డోలు మొదలుపెట్టాడు. నేను వాయించాను. పది గడులు బాగానే నడిచాయి. పదిహేను. ఎదుటి మేడ మీద ఒక ముసలాయన కిటికీ రెక్క పట్టుకుని కళ్ళు మూసుకోవడం కనిపించింది. ఇరవై. ఊపిరి తీశాను. పళ్ళు కదిలాయి. ట్రంపెట్ లోంచి కెటిల్ మూత లేచినట్టు ఒక చప్పుడు బయటికి రావడం మొదలైంది.

"అమ్మోయ్! మోకాలు!"

కాఫీ కప్పు గాలిలోకి లేచింది. ఎడమ చెయ్యి లేచింది. తొంభై కిలోలు మంచు మీద పడ్డాయి, పడి ఆగలేదు, జారుతూ వచ్చి కూడలి మధ్యలో, సరిగ్గా నా బూట్ల ముందు నిలిచాయి. ఒక చెప్పు మాత్రం చర్చి మెట్ల దాకా వెళ్ళింది.

కాలనీ మొత్తం గొల్లుమంది. కిటికీల్లోంచి నవ్వులు. క్లారినెట్లు వంగిపోయాయి. కుచెరా డోలుకర్ర చంకలో పెట్టుకుని, నెమ్మదిగా నడిచివచ్చి, ఈకల టోపీ సరిచేసుకుని, కార్డు ఎత్తాడు. చప్పట్లు.

"లేవరా. ఏమీ కాలేదు."

"ఏమీ కాలేదు" అన్నాడు బ్రోదా.

లేచాడు. కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. చెప్పు కోసం కుంటకుండా నడిచి వెళ్ళాడు. వెరోనికా "పదండి" అంది, మేము కవాతు పాట అందుకుని ముందుకు కదిలాం. నా స్వరం గురించి ఎవరూ అడగలేదు. పాటలో ఆ స్వరమే లేనట్టయింది. నేను బతికిపోయానని మాత్రం అనుకున్నాను. మిగిలింది మధ్యాహ్నం దాకా అర్థం కాలేదు.

మధ్యాహ్నం పండుగ విందుకు బ్రోదా రాలేదు. బీరు ఉన్నచోట అతను లేకపోవడం అదే మొదటిసారి. కుచెరా, నేను కలిసి బ్రోదా ఇంటికి వెళ్ళాం. తలుపు తీసింది ఆడెలా.

"ఆసుపత్రిలో ఉన్నారు. మణికట్టు రెండుచోట్ల విరిగింది."

"నిజంగానా?" అన్నాడు కుచెరా.

"నువ్వూ అదే అడుగు. అక్కడ కౌంటర్లో ఉన్నామె కూడా అదే అడిగింది. వాళ్ళ నాన్న మన జట్టు అభిమానిట. 'బ్రోదా గారూ, ఈ వయసులో కూడానా, ఇంటికెళ్ళండి' అని నవ్వింది. ఎక్స్‌రే చూసేదాకా కుర్చీ ఇవ్వలేదు. ఈయన ఒక్క మాట అనలేదు. నొప్పి అని కూడా అనలేదు. నాకు భయం వేసింది అప్పుడే."

మెట్ల మీద కూర్చున్నాం. కుచెరా జేబులోంచి కార్డు తీసి, చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"నీ పళ్ళు ఎప్పటినుంచి?" అన్నాడు.

నేను టోపీ తీసి ఈకలు సరిచేశాను.

"నీ పక్కనే డోలు కొడతానురా. నాకు వినపడదా? కింద ఉండేవాడికి వినపడదా?" జేబు తట్టుకున్నాడు. "దొంగనాటకంగా పడేవాడు పడేముందు రిఫరీని చూస్తాడు. మైదానంలో వీడూ నన్నే చూసేవాడు. అందుకే కార్డు. బయట మాత్రం వీడు నన్నెప్పుడూ చూడలేదు. ఇంకెవర్నో చూసేవాడు. నాకు అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది."

"ఎవర్ని?"

"ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రికి కోడలి పేరు గుర్తురాలేదు. కళ్ళద్దాలు తుడుస్తున్నాడు చూడు, అది ఏడుపు కాదు, వెతుకులాట. మటిల్డా జుట్టు లిండెన్ కొమ్మకు తగులుకుంది. మొత్తం విగ్గు. వీడు రోడ్డు మీద దొర్లుతున్నంతసేపట్లో తీసి పెట్టుకుంది. గనిలో ఆ మలుపు అవతల ముగ్గురు బొగ్గుబండి మీద పడుకుని గుర్రుపెడుతున్నారు. డైరెక్టరు ఇంకో నాలుగడుగులు వేస్తే ముగ్గురి ఉద్యోగాలూ పోయేవి. అందులో ఒకడు మా బావమరిది."

"మరి తెలిసీ కార్డులెందుకు చూపించావు?"

"చూపించకపోతే నిజమేమో అని జనం నవ్వడం మానేసి వాడి దగ్గరికొస్తారు. నేను కార్డు ఎత్తితే అందరూ నవ్వుతారు, ఇంటికి పోతారు."

అంటే ఇద్దరూ కలిసే ఆడేవారన్నమాట. ఒకరితో ఒకరు ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి నా తలుపు తన్నిన చప్పుడైంది. తీశాను. బ్రోదా. కుడి చేతికి మోచేయి దాకా పిండికట్టు.

"కోటు వేసుకో."

"విలీ, నేను నీకు..."

"నోరు ముయ్యి, పళ్ళు పడిపోతాయి. పద."

కాలనీ సాంస్కృతిక భవనంలో వెరోనికా వాద్యాలు సర్దుతోంది. బ్రోదా ఆమె ముందు నిలబడ్డాడు. పడతాడేమోనని ఆమె కుర్చీ ఒకటి పక్కకు జరిపింది. పడలేదు.

"మేడమ్, వీడివి కొత్త పళ్ళు. వీడు చెప్పుకోలేడు. నిన్న నేను పడి వీడి పాట చెడగొట్టాను. కాబట్టి నిన్నటిది లెక్కలోకి రాదు. మళ్ళీ ఒక అవకాశం ఇవ్వాలి."

వెరోనికా బూరల మీద గుడ్డ కప్పింది.

"మా తాత క్లారినెట్ వాయించేవాడు" అంది. "పళ్ళు కట్టించుకున్నాక ఏడు నెలలు మా అమ్మమ్మ ఆయన్ని కోళ్ళగూడు దగ్గర సాధన చేసుకోమంది. పావ్లెక్ గారూ, ఈ ఒక్క ముక్క నాకు అక్టోబరులో చెప్పి ఉంటే పాట శ్రుతిని కాస్త కిందికి దించేదాన్ని. ఈస్టరు ఉదయం చర్చి చుట్టూ వాయిస్తాం. అప్పుడు వాయించండి. వచ్చే బార్బరా సంగతి ఆ తర్వాత చూద్దాం. కళాశాల ఆయనకు నేనింకా ఫోన్ చేయలేదు."

బ్రోదా నా వీపు మీద పిండికట్టుతో చరిచాడు. ఇద్దరికీ నొప్పి పుట్టింది.

"ఇంకోటి బ్రోదా గారూ" అంది వెరోనికా. "నిన్న ఆ చెడ్డ స్వరం నేను విన్నాను. సగం గడి విన్నాను. మీరు ఆలస్యంగా పడ్డారు."

బ్రోదా మొహం ఎర్రబడింది. నలభై అయిదేళ్ళలో అతని మొహంలో ఆ రంగు చూడలేదు.

"ఆలస్యంగానా?"

"సగం గడి."

"మేడమ్, నన్ను దొంగ అన్నారు. మోసగాడు అన్నారు. నటుడు అని పత్రికల్లో రాశారు. ఫ్రాన్సులో ఒకడు నన్ను మెట్ల మీంచి పడే పియానో అన్నాడు. కానీ ఆలస్యం అని ఇంతవరకూ ఏ మనిషీ అనలేదు!"

"ఆ స్వరం ఎన్నో గడిలో వస్తుందో మీకు లెక్క తెలియదు కదా. చెవిన పడ్డాక పడ్డారు. ముందే పడాలి."

బ్రోదా కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమ చేత్తో పాట కాగితం అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. ఆమె తిప్పి ఇచ్చింది. వేలితో చూపించింది.

"ఇదీ. ఇరవై ఒకటో గడి. ఒక్కో గడికి నాలుగు దెబ్బలు."

"నాలుగు" అన్నాడు బ్రోదా. "వాయించరా పావ్లెక్. మెల్లగా. తొందరపెట్టకు నన్ను."

నేను ట్రంపెట్ తీశాను. అతను లేచి నిలబడి, పాదంతో నేల కొడుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆరు దగ్గర తప్పాడు. మళ్ళీ మొదలుపెట్టించాడు. పదమూడు దగ్గర తప్పి నన్నే తిట్టాడు. మూడోసారి ఇరవై దాకా వచ్చాడు. అక్కడ చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. గదంతా ఒకసారి చూసుకుని, డోలు జారకుండా పరిచిన తివాచీ దగ్గరికి వెళ్ళి, చెప్పు విడిచి, అది ఎంత మందంగా ఉందో బొటనవేలితో నొక్కి చూశాడు.